పేకాట అని పేరు పెట్టి చెప్పిన రోజు

నేను పోకర్ మానేసి ట్రేడింగ్ ఉద్యోగంలో చేరానని మన సంఘంలో చాలామందికి తెలుసు, సహోదరులారా, కానీ ఆ ఆటలో నా ఎదురుగా కూర్చుని ఓడిపోతున్న ఒక మనిషితో నేను రోజూ తెలుగులో ఆప్యాయంగా మాట్లాడేదాన్నని, అతను లేచి వెళ్ళిపోకుండా ఉండడానికే అలా మాట్లాడేదాన్నని మాత్రం ఇంతవరకు సంఘంలో ఎవరికీ చెప్పలేదు, మా నాన్నగారికి కూడా చెప్పలేదు. మైకు ముందు నిలబడి సాక్ష్యం చెప్పమని పాస్టరు గారు ఎన్నోసార్లు అడిగారు. మైకు చూస్తే నాకు నోరు ఎండిపోతుంది. రాయడమైతే చిన్నప్పటి నుంచి అలవాటే కాబట్టి, పత్రికకు రాసి ఇస్తానని ఒప్పుకున్నాను. మంచిగా కనబడేలా రాయకుండా ఉండే కృప దేవుడు నాకు ఇవ్వాలి.

నా పేరు కెజియా. మా నాన్నగారు మస్కట్‌లో ఒక నిర్మాణ కంపెనీలో స్టోర్‌కీపర్. మేము ఘుబ్రాలో ఉంటాం, మా బాల్కనీలోంచి నేను చదువుకున్న స్కూలు గోడ కనబడుతుంది, బడి వదిలిపెట్టే వేళకు వీధంతా కార్ల హారన్లే. డిగ్రీకి బెంగళూరు వెళ్ళి గణితం చదివాను, నేను అక్కడ ఉండగానే అమ్మ ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయింది, విమానం ఎక్కి వచ్చేసరికి అన్నీ అయిపోయాయి. నేను ఏడవలేదు. ఏడుపు రానందుకు బాధ కూడా కలగలేదు, కళ్ళ ముందు జరిగేదంతా అద్దం వెనక జరుగుతున్నట్టు ఉండేది. ఆ రోజుల్లోనే హాస్టల్లో ఒకమ్మాయి ఫోనులో పోకర్ చూపించింది, ఎవరితోనూ మాట్లాడక్కర్లేదు, మొహం ఎవరూ చూడరు, లెక్క వస్తే చాలు అంది. నాకు లెక్క వచ్చు.

ఆ ఆట తెలియని పెద్దలకు ఒక్క మాటలో చెప్తాను. అది డబ్బు పెట్టి ఆడేది, చేతిలో పడిన ముక్కలకన్నా ఎదుటివాడి ఆశనూ భయాన్నీ సరిగ్గా అంచనా వేసేవాళ్ళే అందులో ఎక్కువకాలం నిలుస్తారు. నేను నిలిచాను. చదువు అయ్యాక మస్కట్ తిరిగి వచ్చి, నాన్నగారికి ఆన్‌లైన్‌లో డేటా పని అని చెప్పి, గది తలుపు వేసుకుని అదే వృత్తిగా పెట్టుకున్నాను. ఈ దేశంలో జూదం నేరమని నాకు తెలుసు, నేను ఉన్నది నాన్నగారి వీసా మీద అని కూడా తెలుసు, పట్టుబడితే ఆయన ఉద్యోగం పోయి ఇద్దరం సామాను సర్దుకోవాలని తెలుసు. తెలిసిన సంగతి మనసును తాకకపోవడమే నా చీకటి, సహోదరీలారా. చీకటి అంటే కన్నీళ్ళు, అప్పులు, గొడవలు అని మనం అనుకుంటాం. నాది చల్లగా, ఏసీ వేసిన గదిలా, చాలా శుభ్రంగా ఉండేది.

మా ఆటగాళ్ళ భాషలో, ఆట సరిగ్గా రాకుండానే డబ్బు పెట్టేవాణ్ణి చేప అంటారు. అలాంటివాడు ఫోనులో ఏ బల్ల దగ్గర ఉన్నాడో వెతుక్కుని అక్కడే కూర్చోవడం ఈ వృత్తిలో సగం పని. ఎండాకాలం మధ్యాహ్నాలు ఎండ దెబ్బకు సైట్లలో పని ఆపేస్తారు కదా, సరిగ్గా ఆ వేళకు ఒకతను వచ్చేవాడు. ఆడటం రాదు, ఓడిపోయేకొద్దీ ఇంకా పెద్దగా పెట్టేవాడు. ఒకరోజు ఓడిపోయి, తెర పక్కనున్న చాట్ పెట్టెలో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టాడు, ఎవరికీ అర్థం కాదనుకుని తనలో తాను అనుకున్నట్టు. "గిదిగూడ పాయె." అతను విసిగి లేచిపోయేలా ఉన్నాడని నాకు అర్థమైంది. లేస్తే నాకు ఆ మధ్యాహ్నం ఖాళీ. అందుకని తెలుగులోనే, మీది ఏ ఊరు అని అడిగాను.

అతనికి ప్రాణం లేచి వచ్చినట్టయింది.

"అన్నా, నువ్వు తెలుగోనివా? మాది జగిత్యాల దిక్కు. గీడ షట్టరింగ్ పని. నీదేడ?"

భీమవరం అన్నాను, అది నాన్నగారి ఊరు.

"ఆంధ్రోనివా. అయితేంది తియ్, ఈడికొచ్చినంక అందరం మనోళ్ళమే. చేపల ఊరు గదన్నా మీది, పట్టుడు గూడ వస్తదా?"

అతను తమాషాకే అన్నాడు. ఆ మాటకు నాకు సిగ్గు వేయాల్సింది. చిన్నగా నవ్వు వచ్చింది, అంతే, తర్వాతి ముక్కలు చూసుకున్నాను.

అప్పటి నుంచి అతను వేరే బల్లకు వెళ్ళేవాడు కాదు. బయటి దేశంలో మనవాడు ఒకడు పక్కన ఉంటే ఎంత ధైర్యమో మీకు నేను చెప్పనక్కర్లేదు, హాస్పిటల్లో, లేబర్ ఆఫీసులో, ఎయిర్‌పోర్టులో తెలుగు మాట వినబడగానే మనం అటే నడుస్తాం. అతను చేసిందీ అదే. నేను ఉన్న బల్ల ఎక్కడుందో వెతుక్కుని వచ్చి మరీ ఓడిపోయేవాడు. రూములో అందరూ పడుకున్నారని, తనకు నిద్ర రావడం లేదని, కూతురు ఫోనులో తన గొంతు గుర్తుపట్టడం మొదలుపెట్టిందని చెప్పేవాడు, నేను అవునా అన్నా, మంచిదన్నా అని రాసేదాన్ని. కొన్నిసార్లు నేను గెలిస్తే, "పోనీ తియ్, బయటోనికి పోలె, మనోనికే పోయినయ్" అనేవాడు. ఆడపిల్లనని అతనికి చెప్పలేదు. అతనితో మాట్లాడటం వల్ల అతను ఎంతసేపు ఎక్కువ కూర్చుంటున్నాడో మాత్రం నేను గమనించి పెట్టుకున్నాను. దీన్ని ఇంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాదు.

అలా ఉండగా నాన్నగారు ఇక నా వీసా మీద ఉంచడం కుదరదు, ఏదైనా కంపెనీలో చేరు తల్లీ అని పట్టుబట్టారు, నేను ఒక ఫైనాన్స్ కంపెనీలో ట్రేడింగ్ డెస్క్‌కు దరఖాస్తు చేశాను. ఇంటర్వ్యూ చేసినాయన కేరళ మనిషి, నెమ్మదస్తుడు, చదువు అయ్యాక ఇన్నాళ్ళు ఏం చేశావని ఇంగ్లీషులో అడిగారు. బెంగళూరులో నేర్చుకున్న పోకర్‌తోనే బతికానని, ఇక మానేస్తానని చెప్పేశాను. ఆయన ఏమీ అనుకోలేదు సరికదా, కాస్త ముందుకు వంగి, నష్టం వస్తున్నప్పుడు ఏం చేస్తావని అడిగారు, లేచిపోతానని చెప్పాను, తలూపారు. పోకర్ అనే మాట అక్కడ ఏదో విదేశీ పట్టాలా పనికొచ్చింది. ఉద్యోగం వచ్చింది. సంఘంలో అందరూ దేవునికే మహిమ అన్నారు, కేకు కోశారు, ట్రేడింగ్ కంపెనీ అంటే టైర్లా సిమెంటా అని ఒక అంకుల్ అడిగారు, ఎందుకంటే ఇక్కడ ప్రతి కొట్టు బోర్డు మీదా ట్రేడింగ్ అనే ఉంటుంది. నేను నవ్వి ఊరుకున్నాను. చేరడానికి ఇంకా సమయం ఉంది, అప్పటిదాకా ఆట కొనసాగించాలని, కుదిరితే చేరిన తర్వాత కూడా సాయంత్రాలు ఆడాలని లోపల నిర్ణయించుకున్నాను. అతను నాకు అంత లాభం. అంటే నాకు మంచి ఉద్యోగం దొరికిందని సంఘం కేకు తింటున్న రోజున కూడా నేను మర్నాటి మధ్యాహ్నం కోసమే చూస్తున్నాను.

ఈద్ సెలవుల్లో మన సంఘం బస్సు మాట్లాడుకుని ఖబూరా సముద్రం ఒడ్డుకు వెళ్ళింది, మీలో చాలామంది ఆ రోజు ఉన్నారు. జాలర్లు పికప్ బండ్లకు వల తాళ్ళు కట్టి ఒడ్డుకు లాగుతుంటే పిల్లలంతా అటు పరిగెత్తారు. పాస్టరు గారు వలలు విడిచి వచ్చిన జాలరుల గురించి చిన్న వాక్యం చెప్పారు, నేను సగమే విన్నాను. తర్వాత మన అలవాటు ప్రకారం ఆడవాళ్ళం ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరి కోసం ఒకరం ప్రార్థన చేసుకోవాలి. మన సంఘంలో ఉన్న పద్ధతి మీకు తెలిసిందే, ఏ అవసరమైనా పేరు పెట్టి చెప్పాలి, పేరు పెట్టి ప్రార్థించాలి. ఇన్నాళ్ళూ నేను డ్యూటీ అని చెప్పి తప్పించుకునేదాన్ని, అందరూ కెజియా డ్యూటీని ఆశీర్వదించు ప్రభువా అని ప్రార్థించేవారు, కొన్నిసార్లు మర్నాడే నేను బాగా గెలిచేదాన్ని. ఆ రోజు నాకు జతగా విజయమ్మ ఆంటీ పడ్డారు. ఆమెది కడప జిల్లా, అల్ ఖౌద్‌లో ఒకరి ఇంట్లో పని చేస్తారు, సెలవు దొరకడం కష్టం కాబట్టి మన మధ్య తక్కువ కనబడతారు.

ఆమె ముందు తన అవసరాలు చెప్పారు, మోకాలి నొప్పి, కొడుకు తాగుడు, అన్నీ ఉన్నవి ఉన్నట్టు. తర్వాత నన్ను అడిగారు. కొత్త ఉద్యోగం వచ్చింది, పాత డ్యూటీ నుంచి దేవుడు విడిపించాడు, కృతజ్ఞత చెల్లించండి ఆంటీ అన్నాను.

"పాత డ్యూటీ అంటే ఏం డ్యూటీ పాపా?"

ఆన్‌లైన్ అన్నాను.

"ఆన్‌లైన్ అంటే నాకేం తెలుస్తాది? మా మేడమ్ బట్టలు తెప్పించేదీ ఆన్‌లైనే. మన మాటలో చెప్పు. పేరు తెలీకుండా దేవుని ముందర ఏమని చెప్పేది?"

పోకర్ అన్నాను. ఆమెకు అర్థం కాలేదు. ముక్కలతో ఆడేది అన్నాను. ఇంకా నా మొహమే చూస్తున్నారు. అప్పుడు, తెలుగులో దానికి ఉన్న ఒకే ఒక్క మాట నా నోటి నుంచి వచ్చింది. పేకాట అన్నాను.

సహోదరులారా, ఇన్నేళ్ళలో ఆ మాటను నా పనికి నేను ఎప్పుడూ వాడలేదు. పేకాట అంటే పొలాల్లో షెడ్డు కింద తువ్వాలు పరిచి ఆడేది, పోలీసులు వస్తే చెప్పులు వదిలేసి పరిగెత్తేది, పేపర్లో పడేది. నేను చేసేది గణితం అనుకున్నాను. ఇంగ్లీషు మాట నాకు ఉద్యోగం ఇచ్చింది, తెలుగు మాట నన్ను ఉన్నచోట పట్టుకుంది. విజయమ్మ ఆంటీ మొదట నవ్వేశారు.

"ఆడపిల్లవి, పేకాటేందమ్మా? యాడ కూర్చుంటావు?"

నా రూములోనే అన్నాను.

"ఎదురుగా ఎవురు కూర్చుంటారు?"

ఎవరూ కూర్చోరు ఆంటీ, అంతా ఫోనులోనే అని చెప్పబోయాను. చెప్పలేకపోయాను. ఒకతను అన్నాను. తెలుగతనే, సైటులో పని చేస్తాడు, అన్నా అని పిలుస్తాడు అన్నాను. ఆమె ఇంకేమీ అడగలేదు. మోకాలు నొప్పి కాబట్టి ఇసుకలో కాళ్ళు చాపుకుని, నా చెయ్యి పట్టుకుని ప్రార్థన చేశారు.

"ప్రభువా, ఈ పాప పేకాట ఆడతా ఉంది. ఉద్యోగం వచ్చిందంట, ఇంకా మానలేదనుకుంటా. నువ్వే బయటికి తీసుకురా. ఎదురుగా ఉండే ఆ బిడ్డ ఎవురో నాకు తెలీదు, నీకు తెలుసు. ఆ బిడ్డకు పెళ్ళాం పిల్లలు ఉంటారేమో. అతన్ని కూడా చూడు నాయనా. ఆమెన్."

ఇంకా మానలేదని ఆమెకు ఎలా తెలిసిందో నాకు ఇప్పటికీ తెలియదు, నేను అడగలేదు. ఏ వెలుగూ రాలేదు, స్వరమూ వినబడలేదు, ఒళ్ళు వణకలేదు. సాక్ష్యం అంటే అలాంటివి ఉండాలని మీరు ఎదురుచూస్తే నన్ను క్షమించండి. జరిగింది ఒక్కటే, ఇన్నాళ్ళూ అద్దం వెనక ఉన్న ఒక మనిషికి హఠాత్తుగా రూపం వచ్చింది, ఎక్కడో రేకుల గదిలో కింది మంచం మీద పడుకుని ఫోను పట్టుకున్న చెయ్యి కనబడింది, ఆ చేతికి సిమెంటు మరకలు ఉన్నాయి. నేను ఏడ్చాను. అమ్మ పోయిన తర్వాత అదే మొదటిసారి. పిల్లలు అటుగా వచ్చి, కెజియా అక్కకు కంట్లో ఇసుక పడిందని చెప్పుకుంటూ వెళ్ళారు, విజయమ్మ ఆంటీ కూడా వాళ్ళను అలాగే అనుకోనిచ్చారు.

ఆ సాయంత్రం నాన్నగారికి ఆట సంగతి చెప్పాను. ఆయన ఎవరికైనా తెలుసా అని అడిగారు, వీసా గురించి అనుకుని లేదన్నాను. "అది కాదమ్మా, నీకు కష్టమొచ్చిందని ఎవరికైనా తెలుసా అని" అన్నారు. అలాంటి మాట ఆయన నాతో ఎప్పుడూ అనలేదు. ఇద్దరం కూర్చుని ప్రార్థన చేసుకున్నాం, ఆయన అమ్మ పేరు పైకి పలికి ప్రార్థించడం ఆ రోజే విన్నాను.

ఇప్పుడు నేను ట్రేడింగ్ డెస్క్‌లో పని చేస్తున్నాను. రెండూ ఒకటే కదా, ఒక జూదం మానేసి ఇంకో జూదంలో చేరావు కదా అని సంఘంలో ఒక పెద్దాయన నన్ను అడిగారు, న్యాయమైన ప్రశ్నే. కరెన్సీల ధర పెరుగుతుందో తగ్గుతుందో నేనూ ముందుగా చెప్పలేను, అక్కడా లాభనష్టాలున్నాయి, అక్కడా ఆశ మనిషిని లాగుతుంది, ఆ కుర్చీ పరిశుద్ధమైనదని నేను చెప్పను. కానీ అక్కడ నేను ఏది కొన్నా ఎందుకు కొంటున్నానో మేనేజరుకు ముందే చెప్పాలి, ఇంత నష్టం దాటితే నా చెయ్యి నేనే ఆపుకోవాలి, లేకపోతే ఆయన ఆపేస్తారు. తలుపు వేసుకుని చేసేది ఏమీ లేదు. ఇంకా ముఖ్యమైనది, నా జీతం ఒక ఒంటరి మనిషిని మాటలతో కూర్చోబెట్టడం మీద ఆధారపడి లేదు. చాలదా అంటే, చాలదేమో. ఏ రోజైతే ఆ పనిని విజయమ్మ ఆంటీ ముందు తెలుగులో పేరు పెట్టి చెప్పలేకపోతానో ఆ రోజు అది కూడా మానేయాలని నాకు నేను చెప్పుకున్నాను. ఆమెకు ఒకసారి వివరించాను కూడా, దేశాల డబ్బులు కొనడం, అమ్మడం, కంపెనీ కోసం అని. మారకం కొట్టు లాంటిదా అన్నారు, దాదాపు అంతే అన్నాను, సరే అని అలాగే ప్రార్థించారు.

గెలిచిన డబ్బు ఏం చేశావని మీరు అడుగుతారు. నా దగ్గర ఉంచుకోలేదు. ఎక్కడికి వెళ్ళిందో రాస్తే నా గొప్ప చెప్పుకున్నట్టు అవుతుంది, కాబట్టి రాయను.

ఈ పత్రిక చదువుతున్నవారిలో, రూములో గానీ సైటులో గానీ, తలుపు వేసుకుని ఏదో ఒకటి చేస్తూ దానికి మంచి పేరు పెట్టుకుని బతుకుతున్నవారు ఎవరైనా ఉంటే, ఒక్కసారి దాన్ని మీ ఇంటి మాటలో పైకి అనండి, పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టుకుని అనండి. మిగతాది చేయడానికి దేవుడు చాలినవాడు. ఆయన నా ముక్కల లెక్కలో ఎక్కడా లేడు, అయినా నన్ను విడిచిపెట్టలేదు, అందుకు ఆయనకే మహిమ, ఆయనకే స్తోత్రం. ఖబూరా నుంచి వచ్చిన మర్నాడు ఏం జరిగిందో కూడా చెప్పి ముగిస్తాను.

మధ్యాహ్నం అతను వచ్చే వేళకు బల్ల దగ్గరికి వెళ్ళాను. "అచ్చినవా అన్నా, నిన్న పత్త లేవు" అన్నాడు. నేను ముందే అనుకున్నదంతా ఒకేసారి కొట్టాను. నేను అన్నను కాదు, ఆడపిల్లను. ఈ ఆట నా వృత్తి. నీకు ఆట రాదని నాకు మొదటి రోజే తెలుసు. నీతో తెలుగులో మాట్లాడింది నువ్వు లేవకుండా ఉండాలని. నా మీద నమ్మకంతో ఇక్కడ కూర్చోకు, ఎవరి మీదా నమ్మకంతో ఇక్కడ కూర్చోకు, లేచి వెళ్ళిపో. నీ నంబరు ఇవ్వు, నీ దగ్గర గెలిచింది తిరిగి పంపుతాను.

అతని వంతు వచ్చింది, గడువు గడియారం తిరిగిపోయింది, అతను ఆడలేదు, ఆ ఆట వదులుకున్నట్టు ముక్కలు వాటంతటవే పడిపోయాయి. మళ్ళీ వంతు వచ్చింది, మళ్ళీ అంతే. తిడతాడని కూర్చున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను.

"పైసలు వద్దు. ఆటల పోయినయ్, పోయినయ్" అని వచ్చింది.

కాసేపటికి, "మరి అన్ని ముచ్చట్లు ఉత్తయేనా?" అని వచ్చింది.

ఉత్తవే అని రాశాను. మీ పాప నీ గొంతు గుర్తుపడుతోందన్న మాట మాత్రం నాకు నిన్నటి నుంచి మనసులోంచి పోవడం లేదని రాశాను. దేవుడు నిన్ను చూస్తాడు అని రాయబోయి, ఆ బల్ల దగ్గర నా నోటికి ఆ మాట తగదనిపించి చెరిపేశాను. అతను లేవలేదు. నేనూ లేవలేదు. అతను లేచేదాకా చూసి వెళ్ళాలని నేను కూర్చున్నాను. అప్పుడు అతని మాట వచ్చింది, అతను నాతో అన్న ఆఖరి మాట.

"నువ్వు ముందుగాల లెవ్వు, అక్కా. నీ ఎనుక నేను లేస్త."